కిచెన్ ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌లో ధర జీఎస్టీ కలిపి ఎక్కించాలా, విడిగానా?

బెజవాడ_మాడ్యులర్: మాది మాడ్యులర్ కిచెన్ల షాపు. డిజైన్ గీస్తుంటే పక్కనే రేటు లెక్కేసే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం. నేనైతే ప్రతి క్యాబినెట్‌కీ, హ్యాండిల్‌కీ జీఎస్టీ కలిపేసి ధర ఎక్కించడమే మేలంటాను. కస్టమర్ అడిగేది ఒకటే, "మొత్తం ఎంతవుద్ది?" అని. స్క్రీన్ మీద రెండు లక్షలు చూశాక కింద ఇంకో 36 వేలు అంటే మొహం మాడిపోతుంది. మీరెలా చేస్తున్నారు?

లెక్కల_మాస్టారు: చూపించడం కలిపే చూపించండి, వద్దన్నదెవరు? లోపల మాత్రం పన్ను లేని ధర ఒక గడిలో, రేటు ఇంకో గడిలో ఉండాలి. 2025 సెప్టెంబర్ 22న శ్లాబులు మారి సిమెంటు 28 నుంచి 18కి, వెదురు ఫర్నిచర్ 12 నుంచి 5కి దిగాయి కదా. విడిగా పెట్టుకున్నవాళ్లకి రేటు మారిస్తే పని అయిపోయింది, కలిపి పెట్టుకున్నవాళ్లు ఒక్కో ఐటమ్‌కీ వెనక్కి లెక్కేసుకోవాలి. అందులోనూ చాలామంది 1,18,000లో 18 శాతం తీసేసి 96,760 అంటారు. 118తో భాగించి 100తో గుణించండి, లక్ష వస్తుంది. ఆ 3,240 తేడా పోయేది మీ మార్జిన్‌లోంచే.

బెజవాడ_మాడ్యులర్: మరి ఎమ్మార్పీ సరుకో మాస్టారూ? చిమ్నీ డబ్బా మీద ధర అన్ని పన్నులూ కలిపే ఉంటుంది. దాన్ని విడగొట్టి మళ్లీ కలపడం దేనికి?

వరంగల్_ఇంటీరియర్స్: నేను బెజవాడ అన్న వైపే. హ్యాండిల్ పన్నుతో 250కి అమ్ముతాం. విడగొడితే 211.86. అలాంటివి 60 వేస్తే 12,711.60, దాని మీద కేంద్రం వాటా, రాష్ట్రం వాటా అని తొమ్మిది, తొమ్మిది శాతం వేస్తే మొత్తం 14,999.68 వస్తోంది. 32 పైసల కోసం కస్టమర్ గొడవపడడు గానీ, కొటేషన్‌లో ఒక అంకె, బిల్లులో ఇంకో అంకె ఉంటే మా ఆడిటర్ గారు ఊరుకోరు.

లెక్కల_మాస్టారు: ఒక్కో హ్యాండిల్‌కి పైసలు సరిచేస్తే అంతే మరి. 15,000 మొత్తాన్నీ ఒకేసారి విడగొట్టండి. 12,711.86, పన్ను 2,288.14, సరిపోయింది. జీఎస్టీ నిబంధనల్లో 35వ రూల్ చెప్పే లెక్క కూడా ఇదే.

హైటెక్_డిజైనర్: పైసల సంగతి వదిలేయండి, అసలు తగువు డిస్కౌంట్ దగ్గర. శాతంలో ఇస్తే ముందు తీసినా వెనక తీసినా ఒకటే. దసరాకి పదివేలు తగ్గింపు అన్నామనుకోండి, రెండు లక్షల్లోంచి తీసి పన్నేస్తే 2,24,200, పన్నుతో కలిపిన 2,36,000లోంచి తీస్తే 2,26,000. మా సాఫ్ట్‌వేర్ అడక్కుండా మొదటిదే చేస్తుంది. అందుకే ఆఫర్ బోర్డు మీదే "పన్నుతో కలిపిన ధరపై" అని రాయించేశాం.

నెల్లూరు_కార్పెంటర్: ఇవన్నీ పెద్ద షాపుల గొడవలు. మేం కాంపోజిషన్‌లో ఉన్నాం, అంటే చిన్న వ్యాపారులు అమ్మకాల మీద కొద్ది శాతం తామే కట్టే జీఎస్టీ స్కీములో. కస్టమర్ దగ్గర పన్ను వసూలు చేయకూడదు. రేటు సున్నా పెడితే కొటేషన్ కింద "జీఎస్టీ 0" అని అచ్చవుతోంది. ఆ లైను తీసేయడం ఎలాగో ఎవరైనా చెప్పండి సార్.