సబాస్ మరణం 531లోనా, 532లోనా? సిరిల్ తేదీల లెక్క

ప్రశ్న
ఆరో శతాబ్దపు సన్యాసి, స్కితోపోలిస్ (బైబిల్లో బేత్షాను) సిరిల్ రాసిన, పాలస్తీనా క్రైస్తవ సన్యాసి సబాస్ చరిత్ర చదువుతున్నాను. సబాస్ మరణం డిసెంబర్ 5, పదో ఇండిక్షన్, సృష్టి మొదలు 6024, క్రీస్తు అవతారం మొదలు 524 అని ఉంది. పుస్తకాల్లో ఎక్కువగా 532 అనే కనిపిస్తోంది. ఇండిక్షన్ ప్రకారం వేస్తే 531 వస్తోంది. దేన్ని నమ్మాలి?

జవాబు 1
ఇండిక్షన్ 15 ఏళ్ళ చక్రం. మన ప్రభవ, విభవల్లాగా తిరిగొస్తూనే ఉంటుంది, ఎన్నో చక్రమో చెప్పదు. సెప్టెంబర్ 1న మారుతుంది. క్రీ.శ. సంవత్సరానికి 3 కలిపి 15తో భాగిస్తే మిగిలేదే ఇండిక్షన్. సెప్టెంబర్–డిసెంబర్ నెలలకైతే 4 కలపాలి. 531 డిసెంబర్‌కి 535, శేషం 10. మీ లెక్క సరైనదే.

సృష్టి సంవత్సరానికి చాలామంది బైజాంటియం లెక్కలో 5509 తీసేసి 515 దగ్గర తేలతారు. సిరిల్‌ది అలెగ్జాండ్రియా లెక్క: 5492 తీసేయండి, 532. ఆ లెక్కలో అవతారం మనకన్నా 8 ఏళ్ళు వెనక, 524కి 8 కలిపినా 532. కాబట్టి ఇండిక్షనే తప్పు.

జవాబు 2
అంత తేలిగ్గా తేల్చేయకండి. అలెగ్జాండ్రియా సంవత్సరం ఆగస్టు 29న మొదలవుతుంది. అలా చూస్తే డిసెంబర్ తేదీకి 5493 తీయాలి, 6024 కాస్తా 531 అవుతుంది. అవతారానికీ అంతే, 7 కలపాలి. సబాస్ గురువు యుతిమియస్ మరణానికి సిరిల్ ఇచ్చిన తేదీతో సరిచూడండి: జనవరి 20, పదకొండో ఇండిక్షన్, సృష్టి మొదలు 5965, అవతారం మొదలు 465. మూడూ 473కే వస్తాయి. జనవరి కాబట్టి అక్కడ ఈ చిక్కు బయటపడదు.

532 వైపు బలంగా లాగేది వయసు. సబాస్ పుట్టింది రోమన్ చక్రవర్తి తియొడోసియస్ 17వసారి కాన్సల్ (ఏటా మారే పదవి, దాని పేరుతోనే ఏడాదిని గుర్తించేవారు) అయినప్పుడు, అంటే 439. పద్దెనిమిదో ఏట పాలస్తీనాకి రాక, మఠంలో 17 ఏళ్ళు, ఎడారిలోనూ పెద్ద లావ్రాలోనూ (సబాస్ స్థాపించిన ఆశ్రమం) 59 ఏళ్ళు, మరణం 94వ ఏట అని సిరిలే కూడి చెప్పాడు. 439లో పుట్టినవాడికి 531 డిసెంబర్ నాటికి 94వ ఏడు మొదలవదు.

జవాబు 3
532 డిసెంబర్ అయితే ఇండిక్షన్ పదకొండు కావాలి. గ్రీకు అంకెల్లో పది ఒక్క అక్షరం, పదకొండు రెండక్షరాలు. నకలు రాసేవాడి చేతిలో రెండోది జారిపోయిందనుకోవడం సులువే, కానీ జవాబు 2లోని ఆగస్టు లెక్క పట్టుకుంటే మూడు సంఖ్యలూ 531 దగ్గరే కలుస్తున్నాయి, ఆ ఊహ అవసరం లేదు. అయినా వయసు లెక్క 532 వైపే ఉంది కాబట్టి, మీరు రాసేటప్పుడు 532 వేసి, ఇండిక్షన్ 531 చూపుతుందని పక్కనే రాయండి. సిరిల్ రాసింది 550ల్లో, సబాస్ శిష్యుల్ని అడిగి. పాతికేళ్ళలోపు సంగతే కాబట్టి ఒక ఏడు తేడా ఉందని మిగతా తేదీల్నీ తోసెయ్యకండి.