సమస్య: మగడు లేని యింట మగువ మురిసె

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం:

మగడు లేని యింట మగువ మురిసె

మావారు ఓడ ఎక్కి ఇది నాలుగో నెల. అందుకే ఈ పాదం తట్టింది, దాచను. భర్త దేశాంతరంలో ఉన్న స్త్రీని ప్రోషితభర్తృక అన్నారు. ఆమె ఆటలు, అలంకారం, ఉత్సవాలు, నవ్వులు, పరాయి ఇళ్లకు వెళ్లడం మానుకోవాలని యాజ్ఞవల్క్య స్మృతి. అంటే నేను గత ఆదివారం చేసినవన్నీ! ఆ మురిపెం తప్పు కాదనిపించేలా ముందు మూడు పాదాలు పూరించండి.

తెనాలి నుంచి ఒక ఉపాధ్యాయిని

ఆ.వె.
అమ్మ వచ్చె నూరి యావకాయను దెచ్చె
పాత చెలులు గూడి పలుకరింప
పెండ్లినాడు మూసి పెట్టిన కథ విప్పె
మగడు లేని యింట మగువ మురిసె

గుంటూరు మాస్టారు: మూడో పాదం బంగారం. పెళ్లితో ఆగిన చదువంతా అందులో ఉంది. రెండో పాదమే చిక్కు. చెలులు వచ్చి పలకరిస్తుంటే పుస్తకం విప్పి కూర్చోవడం ఏం మర్యాదమ్మా?

తెనాలి: నిజమే మాస్టారూ, ‘పలుకరింప’ అనడంతో ఆ అర్థం వచ్చింది. ‘పాత చెలులతోడ బాట పాడె’ అని మారుస్తున్నాను. పాట అయ్యాకే పుస్తకం.

గుంటూరు మాస్టారు

ఆ.వె.
కాఫి యేడుమార్లు గావలె ననువాడు
కదలి యూరి కేగ గదులు నవ్వె
పొత్తములకు జిక్కె బొద్దు, హాయిగను శ్ర
మ గడు లేని యింట మగువ మురిసె

నేను: ‘శ్రమ కడు లేని’ అని విరిచారు! మగడిని ఊరికి పంపడమే కాదు, పాదంలోంచి కూడా తీసేశారు. గదులు నవ్వడం ఇంకా నచ్చింది. ఒక్క అభ్యంతరం: మగఁడులో అరసున్న ఉంది, కడులో లేదు. నేను అరసున్న పెట్టకుండా ఇవ్వడం వల్ల మీరు బతికిపోయారు.

తెనాలి: నాదీ ఒకటి. ఆయన వెళ్తే తగ్గేది కాఫీల లెక్కే. గ్యాసు బండ, కరెంటు బిల్లు, పిల్లల లెక్కల పుస్తకం ఎక్కడికీ పోవు. శ్రమ లేని ఇల్లు మగవారి పద్యాల్లోనే కనిపిస్తుంది.

వరంగల్ నుంచి డిగ్రీ విద్యార్థి

పద్యం పూర్తి కాలేదు, రెండో పాదం మాత్రం వచ్చింది: ‘అత్తతో బజారు కామె వెళ్లె’.

గుంటూరు మాస్టారు: అత్తతో అంటే గురువు, లఘువు, గురువు. ఈ పాదంలో రావలసిన సూర్యగణం కాదు. బజారు లఘువుతో మొదలై మధ్యలో గురువు, అదీ కాదు. ‘అత్త వెంట సంత కరుగు నపుడు’ అని సవరించుకో నాయనా.

తెనాలి: మాస్టారూ, క్షమించాలి. గణం మాటతో పాటు విరగనక్కరలేదు కదా. అత్త, తోబ, జారు, కామె, వెళ్లె: అయిదూ హగణాలే (గురువు, లఘువు), అంటే సూర్యగణాలే. యతి కూడా కుదిరింది: ‘అత్త’లో అ, ‘బజారుకు ఆమె’లో ఆ. అబ్బాయి పాదం నిక్షేపంలా ఉంది.

గుంటూరు మాస్టారు: ఓడిపోయాను. ముప్పై ఏళ్లు ఛందస్సు చెప్పినవాడిని! నా సంత వెనక్కి తీసుకుంటున్నాను, వాళ్లను బజారుకే వెళ్లనివ్వండి.

ఖమ్మం నుంచి ఒక సైనికుడి భార్య

ఆ.వె.
మంచుకొండ గట్టి మనసుతో గాయగా
తాను గీత గీసి దాచినట్టి
పుటలు తిరుగవేయ బొత్తమే మాటాడె
మగడు లేని యింట మగువ మురిసె

ఆయన సియాచిన్‌లో ఉన్నప్పటి సంగతి. ఆయనకు పెన్సిలుతో గీతలు గీస్తూ చదివే అలవాటు.

గుంటూరు మాస్టారు: ‘తాను’ ఎవరు? వాక్యంలో కర్త కనిపించదు. ‘నాథు’ అనే మాట పడితే అన్వయం తేలిక.

నేను: ఇక్కడ మీతో ఏకీభవించను. పుస్తకం తెరవగానే పెన్సిలు గీత కనిపిస్తుంది, పేరు కనిపించదు. అది ఎవరిదో ఆమెకు చెప్పనక్కరలేదు. అలాగే ఉండనివ్వండి.

తెనాలి: సియాచిన్‌కు మన సైన్యం 1984 ఏప్రిల్ 13న వెళ్లింది. ఆ చర్యకు పెట్టిన పేరు ఆపరేషన్ మేఘదూత్. విరహ కావ్యం పేరు యుద్ధానికి! కాళిదాసు మేఘదూతంలో యక్షుడిది ఏడాది ఎడబాటే. అతడి భార్యా ఖాళీగా కూర్చోలేదు: బొమ్మ గీసింది, వీణ పట్టింది, గోరువంకతో కబుర్లాడింది. అయితే యక్షుడు మేఘంతో ఒక మాట అంటాడు: పగలు పనుల్లో ఉంటుంది కనుక వియోగం అంతగా బాధించదు, రాత్రి సంగతే భయం అని. మన పూరణలు చూడండి. ఆవకాయ, పాట, బజారు, కాఫీ, అన్నీ పగటివే. నాదీ అంతే. ఖమ్మం పద్యం ఒక్కటే దీపం పెట్టాక రాసినట్టుంది.

ఖమ్మం: పిల్లలు పడుకున్నాకే చదివేదాన్ని. అది మీకు ఎలా తెలిసింది?

నేను: ఈ వారానికి ఖమ్మం పూరణకే నా ఓటు. చివరిగా ఒక విన్నపం వచ్చింది. మావారికి సమస్య పంపితే, ‘మురిసె’ బదులు ‘మూల్గె’ వేస్తే గణం చెడదు కదా అని సముద్రం మీది నుంచి అడుగుతున్నారు. గణం చెడదు, నిజమే. ఇచ్చిన పాదాన్ని మార్చే హక్కు మాత్రం పూరకుడికి లేదని బదులు రాశాను.