అమెరికాలో చదువుతున్న అబ్బాయి డిసెంబర్ సెలవులకు చెన్నై వస్తున్నాడు: వీసా మీద పాత యూనివర్సిటీ పేరు, టికెట్టు, పచ్చళ్లు

అన్నానగర్_అమ్మ

అందరికీ నమస్కారం. మేం చెన్నై అన్నానగర్‌లో ఉంటాం. మా అబ్బాయి టెక్సాస్‌లో ఎమ్మెస్ మూడో సెమిస్టర్. పరీక్షలయ్యాక డిసెంబర్ 14న బయలుదేరి వచ్చి, జనవరి 10కల్లా తిరిగి అక్కడ ఉండాలి. మూడు విషయాల్లో మీ సలహా కావాలి.

మొదటి సెమిస్టర్ అయ్యాక వాడు యూనివర్సిటీ మారాడు. వీసాకి ఇంకా మూడేళ్లకు పైనే గడువుంది గానీ, దాని మీద పాత యూనివర్సిటీ పేరే ఉంది. జెమినీ దగ్గర అమెరికా కాన్సులేట్‌లో మళ్లీ స్టాంపింగ్ (పాస్‌పోర్టులో కొత్త వీసా వేయించుకోవడం) చేయించాల్సిందేనని ఒకరు, అవసరం లేదని ఇంకొకరు అంటున్నారు. ఏది నిజం?

టికెట్లు రెండు చూశాం. ఢిల్లీ మీదుగా వచ్చేది తొమ్మిది వేలు తక్కువ, దోహా మీదుగా వచ్చేది ఎక్కువ. ఆ తేడా పెట్టడం దండగా?

తిరిగి వెళ్లేటప్పుడు ఆవకాయ, గోంగూర, కందిపొడి, నువ్వులపొడి, ఓ అయిదు కిలోల సోనామసూరి, కాస్త కరివేపాకు పెట్టి పంపాలని ఉంది. వీటిలో ఏవి పోనిస్తారు, ఏవి పోనివ్వరు?

కాగితాల_పని

స్టాంపింగ్ అవసరం లేదండీ, వద్దు కూడా. వీసా గడువు ఉన్నంతవరకు దాని మీద పాత యూనివర్సిటీ పేరున్నా చెల్లుతుంది. కాకపోతే ఒక షరతు ఉంది: మీ అబ్బాయి సెవిస్ నంబరు (విదేశీ విద్యార్థి రికార్డుకి అమెరికా ప్రభుత్వం ఇచ్చే నంబరు) మారి ఉండకూడదు. యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 అనే పత్రం మొదటి పేజీలో పైన ఎన్ అక్షరంతో మొదలయ్యే నంబరు అదే. వీసా స్టిక్కర్ మీద కింది వరసలో కూడా అచ్చయి ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి అంకె అంకె సరిచూడమనండి. పాత యూనివర్సిటీ రికార్డును కొత్త యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ చేసి ఉంటే నంబరు అదే ఉంటుంది. మధ్యలో రికార్డు మూసేసి, కొత్త ఐ-20తో మళ్లీ మొదలుపెట్టి ఉంటేనే నంబరు మారుతుంది. అలా మారితే మాత్రం ఈ సెలవుల్లో రావడం గురించి కొత్త యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుతో ముందు మాట్లాడాలి.

అసలు చాలామంది చిక్కుకునేది వీసా దగ్గర కాదు, ఐ-20 సంతకం దగ్గర. ఐ-20 రెండో పేజీలో ప్రయాణానికి డీఎస్ఓ (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల కాగితాలు చూసే అధికారి) సంతకం ఉండాలి. చదువుతున్న వాళ్లకి ఆ సంతకం 12 నెలలు చెల్లుతుంది. లెక్క చూసుకోవాల్సింది బయలుదేరే తేదీకి కాదు, తిరిగి అమెరికాలో అడుగుపెట్టే తేదీకి. మీ వాడికి కొత్త యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 మీద సంతకం కావాలి, పాతదాని మీద ఉన్నది పనికిరాదు. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా అక్కడ చాలా ఆఫీసులు మూసేస్తారు. "చెన్నై వచ్చాక మెయిల్ పెడతాలే" అనుకుంటే జవాబిచ్చేవాళ్లు ఉండరు. నవంబర్ నెలాఖరులోపే సంతకం చేయించమనండి. ఈమెయిల్లో పంపిన ఐ-20ని ప్రింటు తీసుకున్నా చెల్లుతుంది.

అక్కడ దిగాక సంతకం సరిగా లేదని అధికారి గమనిస్తే, చాలాసార్లు ఐ-515ఏ అనే కాగితం చేతికిచ్చి లోపలికి వదులుతారు. అందులో ఇచ్చేది 30 రోజులే. ఈలోగా సరిచేసిన కాగితాలు పంపాలి. అలా వదలడం అధికారి దయే తప్ప విద్యార్థికి హక్కు కాదు, దాని మీద ఆశ పెట్టుకోకూడదు.

పాస్‌పోర్టు, ఐ-20, ట్రాన్స్‌క్రిప్ట్, వచ్చే సెమిస్టర్‌కి నమోదైనట్టు చూపే కాగితం, ఫీజుకి డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందో చూపే బ్యాంకు లేదా లోను కాగితం ఒకే ఫైల్లో పెట్టి చేతిసంచిలో ఉంచుకోవాలి. సూట్‌కేసులో పెడితే లాభం లేదు, ఇమిగ్రేషన్ దాటాకే కదా సూట్‌కేసు చేతికొచ్చేది! పాస్‌పోర్టు కొత్తదై వీసా పాతదాంట్లో ఉంటే రెండూ తీసుకెళ్లాలి. స్టిక్కర్‌ని ఊడదీసి కొత్తదాంట్లో అంటించే ప్రయత్నం ఎవరూ చేయకండి, వీసా చెల్లకుండా పోతుంది.

అనవసరంగా స్టాంపింగ్‌కి ఎందుకు వెళ్లకూడదో కూడా చెబుతాను. 2025 సెప్టెంబర్ 2 నుంచి ఎఫ్-1 (విద్యార్థి వీసా) రెన్యువల్‌కీ దాదాపు అందరూ ఇంటర్వ్యూకి వెళ్లాల్సిందే, ఇంటర్వ్యూ లేకుండా కాగితాలిచ్చి వచ్చే డ్రాప్‌బాక్స్ లేదు. డీఎస్-160 అనే వీసా దరఖాస్తు నింపి, 185 డాలర్ల ఫీజు కట్టి, ముందు ఒకరోజు వేలిముద్రలిచ్చి, ఇంకో రోజు అణ్ణాసాలై కాన్సులేట్‌కి వెళ్లాలి. లోపలికి ఫోను పట్టుకెళ్లనివ్వరు. సోషల్ మీడియా ఖాతాలన్నీ పబ్లిక్‌లో పెట్టాలి. ఇంకా పరిశీలించాలంటూ వీసా ఆపే 221(జీ) చీటీ చేతికొస్తే పరిశీలన ఎన్ని రోజులు పడుతుందో ఎవరూ చెప్పలేరు. నాలుగు వారాల సెలవు అందులోనే కరిగిపోతుంది, సెమిస్టరూ పోవచ్చు. తిరిగి వెళ్లే తేదీకి ముందే వీసా గడువు అయిపోయే వాళ్లకి ఇది తప్పదు. అలాంటి వాళ్లు ముందు అపాయింట్‌మెంట్ తీసుకుని, ఆ తర్వాతే టికెట్టు కొనాలి. ఈ వరస తిరగబడితే మిగిలేది టికెట్టు మార్పిడి ఖర్చే.

మీనంబాక్కం_రన్‌వే

డిసెంబర్, జనవరి నెలల్లో ఢిల్లీ మీదుగా వద్దండీ, తొమ్మిది వేలు పోయినా సరే. తెల్లవారుజామున పొగమంచు వల్ల అక్కడ విమానాలు గంటలకొద్దీ ఆలస్యమవుతాయి, కొన్ని దారి మళ్లుతాయి. పైగా అంతర్జాతీయ విమానంలో వచ్చిన సామాను దేశంలో దిగిన మొదటి ఊళ్లోనే తీసుకుని, కస్టమ్స్ దాటి, చెన్నై విమానానికి మళ్లీ ఇవ్వాలి. 23 కిలోల పెట్టెలు రెండు పట్టుకుని నిద్రలేని పిల్లాడు టెర్మినల్ మారడం, అందులో ఆలస్యమైన విమానం! దోహా, దుబాయ్, అబుదాబి మీదుగా అయితే పెట్టెలు నేరుగా చెన్నైకే వస్తాయి, బయటికి రాకుండా విమానం మారడానికి మనవాళ్లకి ట్రాన్సిట్ వీసా కూడా అక్కర్లేదు. లండన్ లాంటి చోట్ల నిబంధనలు చేతిలో ఉన్న అమెరికా వీసాని బట్టి మారతాయి. వీసా గడువు అయిపోయి స్టాంపింగ్ కోసం వస్తున్న వాళ్లు అటువైపు టికెట్టు కొనేముందు ఎయిర్‌లైన్‌ని అడిగి తీరాలి.

టికెట్టు మొత్తం ఒకే బుకింగ్ నంబరు మీద ఉండాలి. రెండు టికెట్లు విడివిడిగా కొని అతికిస్తే, మొదటిది ఆలస్యమై రెండోది పోయినా ఎయిర్‌లైన్‌కి బాధ్యత ఉండదు, సామానూ చివరిదాకా పోదు.

తిరుగు ప్రయాణంలో అమెరికాలో దిగిన మొదటి ఊళ్లో పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ ఇవ్వాలి. అక్కణ్నుంచి ఇంకో చిన్న ఊరికి విమానం ఉంటే మధ్యలో మూడు గంటలకి తగ్గకుండా చూడండి. అబుదాబి దారి వేరు, అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ అబుదాబిలోనే అయిపోతుంది. అందుకని అక్కడ ఆగే సమయం ఎక్కువ ఉండాలి.

ఇంకొకటి, డిసెంబర్ మొదటి సగం చెన్నైకి తుపాన్ల కాలం. 2023 డిసెంబర్ 4న మిచాంగ్ వానలకి మీనంబాక్కం రన్‌వే మునిగి విమానాశ్రయం మూతపడింది. రావడం 14 తర్వాత కాబట్టి కొంత నయమే, అయినా ఆ వారంలో వాతావరణ వార్తలు చూస్తుండండి. పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి, 100 వాట్-అవర్ దాటకూడదు. 20,000 ఎంఏహెచ్‌ది సుమారు 74 వాట్-అవర్, ఇబ్బంది లేదు.

పొడులూ_పచ్చళ్లూ

అమ్మా, బియ్యం తీసేయండి. మన దేశం నుంచి సామానులో బియ్యం తీసుకెళ్లడం 2011 జూలై నుంచి అమెరికాలో నిషేధం. ఖప్రా అనే గింజ పురుగు భయంతో పెట్టిన నియమం అది, శనగలూ సోయా గింజలూ కూడా అందులోకే వస్తాయి. టెక్సాస్‌లో ఇండియన్ దుకాణాల్లో సోనామసూరి బస్తాలే దొరుకుతాయి. పచ్చి కరివేపాకూ వద్దు. కరివేప నిమ్మజాతి చెట్టు. దాని ఆకుల మీద బతికే చిన్న పురుగు నిమ్మ, నారింజ తోటలకి తెగులు అంటిస్తుంది, అందుకే ఒక్క రెబ్బైనా పారేయిస్తారు. కోడి పచ్చడి, మటన్ పచ్చడి, మాంసం కలిసినది ఏదైనా సరే కుదరదు. తాజా పండ్లు, విత్తనాలు కూడా అంతే.

రెండు వస్తువుల గురించి ఎవరూ చెప్పరు. గసగసాలు గల్ఫ్ దేశాల్లో మత్తుపదార్థం కింద లెక్క. మసాలాపొడిలో కలిపి ఉన్నా గల్ఫ్ మీదుగా వెళ్లే పెట్టెలో పెట్టకండి. ఎండు కొబ్బరి చిప్పల్లో నూనె ఎక్కువ. తనంతట తానే వేడెక్కి అంటుకునే సరుకు కింద విమానాల వాళ్లు దాన్ని లెక్కేస్తారు, పెట్టె తెరిపించి తీసేస్తారు.

ఆవకాయ, గోంగూర, కందిపొడి, నువ్వులపొడి, వడియాలు, అప్పడాలు పంపొచ్చు. కట్టే పద్ధతిలోనే ఉంది అంతా. విమానం పైకెక్కాక సరుకుల అరలో గాలి ఒత్తిడి తగ్గుతుంది, సీసాలో మూత కింద మిగిలిన గాలి ఉబ్బి నూనెని బయటికి తోస్తుంది. ఎంత బిగించినా మూత దగ్గర కారేది అందుకే. గాజు సీసా, ప్లాస్టిక్ డబ్బా రెండూ వద్దు. పచ్చడిని జల్లెడలో ఒక పూట ఉంచి పైనూనె వాడ్చండి. అరకిలో చొప్పున మందపాటి కవర్లలో వేసి, గాలంతా నొక్కేసి, వేడితో సీలు వేయించండి. టి.నగర్‌లో పచ్చళ్లు అమ్మే కొన్ని దుకాణాల్లో సీలు వేసిస్తారు. సీలు గీత మీద నూనె అంటితే అతుకు నిలవదు, గుడ్డతో తుడిచి వేయించాలి. దాని మీద రెండో కవరు అడ్డంగా తిప్పి వేసి, పాత లుంగీగుడ్డలో చుట్టి, పెట్టె మధ్యలో పెట్టాలి. గోడల పక్కన పెడితే పెట్టె పడ్డప్పుడల్లా దెబ్బ తగిలేది దానికే. గోంగూర అయితే నీటి చెమ్మ పూర్తిగా పోయేదాకా నూనెలో మగ్గాలి. ఉల్లిపాయ వేసిన గోంగూర ప్రయాణానికి నిలవదు.

పొడులు దంచిన వెంటనే కవర్లో వేయకండి. పళ్లెంలో పలచగా పరిచి, పూర్తిగా చల్లారాక వేయాలి. వేడి మీద మూస్తే లోపల ఆవిరి పట్టి పది రోజుల్లో బూజు వస్తుంది. ఇవన్నీ పెద్ద పెట్టెలోకే, చేతిసంచిలో పచ్చడి వద్దు. అమెరికా విమానాల్లో 350 మిల్లీలీటర్ల డబ్బాకి మించిన పొడినీ చేతిసంచిలో ఆపేస్తారు. ప్రతి కవరు మీద ఏమిటో ఇంగ్లీషులో రాసి, తిండివన్నీ ఒకే పెట్టెలో పెట్టండి. తెరిపించినా ఒక్కదాంతో పోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, అక్కడ అడిగినప్పుడు తిండి ఉందని చెప్పాలి. చెప్పినవాటిలో కుదరనివి ఉంటే పారేయిస్తారు, అంతే. చెప్పకుండా దొరికితే మొదటిసారికే 1,000 డాలర్ల దాకా జరిమానా వేయొచ్చు. "మామిడి పచ్చడి, మసాలాపొడులు ఉన్నాయి, మాంసం లేదు, విత్తనాలు లేవు" అని వాడికి ముందే నేర్పించండి.

అన్నానగర్_అమ్మ

చాలా థాంక్స్ అండీ. నంబరు సరిచూశాడు, రెండూ ఒకటే. బియ్యం, కరివేపాకు తీసేశాం, దోహా టికెట్టే కొంటాం. ఒక్క మాట. బెంగళూరులో ఉండే మా చెల్లెలి కూతురు కూడా అమెరికాలోనే చదువుతోంది, తనకి ఈ డిసెంబర్‌తో కోర్సే పూర్తవుతుంది. ఓపీటీకి (చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసే అనుమతికి) ఇంకా అప్లై చేయలేదు. "ముందు ఇంటికొచ్చి వెళ్లి చేసుకుంటా" అంటోంది. పర్వాలేదా?

కాగితాల_పని

ఆ అమ్మాయిని ఆపండి. ఓపీటీకి అప్లై చేసేటప్పుడు మనిషి అమెరికాలోనే ఉండాలి. కోర్సు పూర్తయ్యే తేదీకి 90 రోజుల ముందు నుంచి, పూర్తయ్యాక 60 రోజుల దాకా అప్లై చేసుకోవచ్చు. డీఎస్ఓ సిఫార్సు చేసిన 30 రోజుల్లోపు ఐ-765 అనే దరఖాస్తు పంపాలి. కోర్సు అయ్యాక అప్లై చేయకుండా దేశం దాటితే ఆ 60 రోజుల గడువు అక్కడితో ముగిసినట్టే, దాని మీద తిరిగి లోపలికి రావడం కుదరదు.

అప్లై చేసి రసీదు చేతికొచ్చాక రావొచ్చు. అప్పుడు ఐ-20 మీద సంతకం ఆరు నెలల్లోపుదై ఉండాలి, ఓపీటీలో ఉన్నవాళ్లకి 12 నెలల లెక్క పనిచేయదు. ఈలోగా ఓపీటీ పని అనుమతి కార్డు మంజూరైతే చిక్కు పెరుగుతుంది. తిరిగి వెళ్లేటప్పుడు ఆ కార్డూ, ఉద్యోగం ఇస్తున్నట్టు కంపెనీ లెటరూ రెండూ కావాలి. కార్డు పోస్టులో వచ్చేది అమెరికా చిరునామాకే కాబట్టి, రూమ్మేట్ దాన్ని కొరియర్లో బెంగళూరుకి పంపగలగాలి. ఓపీటీ మొదలయ్యాక ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే, ఇండియాలో గడిపిన రోజులూ అందులోకే వస్తాయి. ఉద్యోగం ఖాయమయ్యాక రావడమే మేలని నా అభిప్రాయం. వాళ్లకి అమ్మాయిని చూడాలనుంటే ఈ ఒక్కసారికి బెంగళూరు నుంచి వాళ్లే వెళ్లొచ్చు, విజిటర్ వీసా ఉంటే.

మీ అబ్బాయికి ఒకటి చెప్పడం మరిచాను. జనవరిలో దిగిన మర్నాడే ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు నమోదయ్యే రికార్డు) ఆన్‌లైన్‌లో తెరిచి చూసుకోమనండి. తరగతి ఎఫ్-1 అని, పాస్‌పోర్టు నంబరు, పేరు సరిగ్గా పడ్డాయో లేదో చూడాలి. తప్పుంటే అప్పుడే డీఎస్ఓకి చెప్పి సరిచేయించుకోవాలి, నెలల తర్వాత లైసెన్సు దగ్గరో ఓపీటీ దగ్గరో బయటపడితే చాలా తిరగాల్సి వస్తుంది.