తొమ్మిది నెలల కోసం బయటి ఫైనాన్స్ హెడ్‌ను తెచ్చుకోవచ్చా?

గోదావరి గట్టు:

నమస్కారం. మాది భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు. నాన్నగారు స్థాపించిన ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో నేను ఆరేళ్లుగా ఎగుమతుల పని చూస్తున్నాను. 2025 ఆగస్టు 27న మన సరుకుపై అమెరికా అదనపు సుంకం 50 శాతానికి చేరింది. మరీ చవకగా అమ్ముతున్నామని వేసే యాంటీ డంపింగ్ సుంకం, ప్రభుత్వ సబ్సిడీ పొందుతున్నామని వేసే కౌంటర్‌వెయిలింగ్ సుంకం అంతకుముందే ఉన్నాయి కాబట్టి, ఇద్దరు పెద్ద బయ్యర్లు ఆర్డర్లు నిలిపివేశారు. సరిగ్గా ఆ నెలలోనే, పద్నాలుగేళ్లుగా మా ఫైనాన్స్ చూసిన పెద్దాయన ఆరోగ్యం బాగాలేక మానేశారు. ప్యాకింగ్ క్రెడిట్ (ఎగుమతికి ముందు సరుకు సిద్ధం చేయడానికి బ్యాంకు ఇచ్చే అప్పు) గడువులు దగ్గరపడుతున్నాయి. బ్యాంకువారు స్టాకు స్టేట్‌మెంటుతో పాటు ఆరు నెలల నగదు అంచనా కూడా అడుగుతున్నారు.

పర్మనెంటుగా ఒకరిని తీసుకోవడానికి ధైర్యం చాలడం లేదు. అమెరికా మార్కెట్ తిరిగి తెరుచుకుంటే ఒక రకం మనిషి కావాలి, యూరప్, జపాన్ వైపు మళ్లవలసి వస్తే మరో రకం మనిషి కావాలి. హైదరాబాద్‌లోని ఒక ఏజెన్సీ తొమ్మిది నెలల కోసం ఒక సీనియర్‌ను పంపుతామంటోంది కానీ, నెలకు అడుగుతున్న ఫీజు పెద్దాయన జీతానికి రెట్టింపు పైమాటే. నాన్నగారి బాధ మాత్రం డబ్బు గురించి కాదు. "పోయేవాడికి మన లెక్కలన్నీ విప్పి చూపించడం ఎందుకమ్మా?" అంటున్నారు. ఇలాంటి పద్ధతిలో పనిచేసినవారు, చేయించుకున్నవారు ఉంటే చెప్పగలరు.

పాత ఖాతాలు:

ఉద్యోగ విరమణ తర్వాత ఇలాంటి తాత్కాలిక బాధ్యతలు మూడు చేశాను. రెండు ఫలించాయి, ఒకటి ఫలించలేదు.

ముందు ఫీజు సంగతి. నెల జీతాన్ని, నెల ఫీజును పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. ఆ ఫీజులో ఏజెన్సీ వాటా ఉంటుంది, ఒక పనికీ ఇంకో పనికీ మధ్య ఆ మనిషి ఖాళీగా కూర్చునే నెలల ఖర్చు కూడా ఉంటుంది. మీకు పీఎఫ్, గ్రాట్యుటీ, బోనస్ భారం ఉండదు, పని అయిపోయాక పంపించడం ఎలాగన్న బెంగ ఉండదు. బిల్లు మీద పడే 18 శాతం జీఎస్టీ ఎగుమతిదారులకు రీఫండుగా వెనక్కి వస్తుంది కనుక దాన్ని ఖర్చులో కలుపుకోకండి. ఇంత లెక్క వేసినా ఇది చవక బేరం కాదు. తర్వాత ఏం జరుగుతుందో తెలియని కాలంలో ఐదేళ్లకు మాట ఇవ్వకుండా ఉండే వెసులుబాటుకు మీరు చెల్లించే ధర అది.

2020 జూన్‌లో చిత్తూరు జిల్లాలోని ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చేరాను. మొదటి మూడు రోజులు ఆఫీసు గది తలుపు తీయలేదు, గోడౌన్‌లోనే ఉన్నాను. 215 కిలోల డ్రమ్ములు వరుసల మీద వరుసలుగా పేర్చి ఉన్నాయి. ముందు వరుసల మీద ఆ ఏటి లేబుళ్లు, వెనక గోడ దగ్గర దుమ్ము పట్టిన నిరుటి లేబుళ్లు. బ్యాంకుకు వెళ్తున్న స్టేట్‌మెంటులో మాత్రం రెండింటికీ ఒకటే ధర! ఆ సంగతి అక్కడి అకౌంటెంటుకు తెలియక కాదు. చెబితే డ్రాయింగ్ పవర్, అంటే స్టాకు విలువను బట్టి బ్యాంకు వాడుకోనిచ్చే అప్పు పరిమితి, తగ్గుతుంది, తగ్గితే యజమాని బావమరిది చేసిన కొనుగోళ్లు ప్రశ్నకు వస్తాయి, అందుకని ఆ కుర్రాడు నోరు మెదపలేదు. నేను ఆరు నెలల్లో వెళ్లిపోయేవాణ్ణి కాబట్టి చెప్పగలిగాను. మీ నాన్నగారి ప్రశ్నకు నా జవాబు ఇదే. పోయేవాడు కాబట్టే అతనికి చూపించవచ్చు. ఇంట్లో ఎవరి పక్షమూ వహించవలసిన అవసరం అతనికి లేదు. గోప్యత గురించి ఒప్పందంలో గట్టిగా రాయించుకోండి.

ఫలించని చోట ఏం జరిగిందంటే, నాకు హోదా ఇచ్చారు గానీ సంతకం ఇవ్వలేదు. ప్రతి చెల్లింపూ యజమాని ఫోన్ ఎత్తేదాకా ఆగేది. సరఫరాదారులు పదిహేను రోజుల్లో ఆ కిటుకు పట్టేసి నన్ను దాటి నేరుగా ఆయనకే ఫోన్ చేయడం మొదలుపెట్టారు. నాలుగు నెలల ఫీజు తీసుకుని సలహాలు రాసిచ్చి వచ్చాను. ఎంత మొత్తం వరకు సంతకం చేయవచ్చో బోర్డు తీర్మానంలో రాయడం మీకు ఇష్టం లేకపోతే, అసలు ఈ ఆలోచనే మానుకోవడం మంచిది.

చట్టం చెప్పే మనిషి:

కంపెనీ సెక్రటరీగా ఒక మాట చేర్చుతాను. ఇలా తాత్కాలికంగా బాధ్యత తీసుకునేవారికి వాడే "ఇంటరిమ్" అన్న పదం మన పత్రికల్లో వేర్వేరు అర్థాల్లో వస్తోంది. 2017 ఆగస్టులో విశాల్ సిక్కా రాజీనామా చేసినప్పుడు ఇన్ఫోసిస్‌లో ప్రవీణ్ రావు తాత్కాలిక సీఈఓ అయ్యారు, కానీ ఆయన అప్పటికే ఆ కంపెనీలో ఉన్న మనిషే. మన హైదరాబాద్ సత్యంలో ఖాతాల మోసాన్ని ఒప్పుకుంటూ 2009 జనవరి 7న రామలింగరాజు రాసిన లేఖ తర్వాత రామ్ మైనంపాటి తాత్కాలికంగా పగ్గాలు పట్టుకున్నారు. రెండు రోజుల్లోనే కేంద్రం బోర్డును రద్దు చేసింది, నెల తిరక్కుండా ఏ.ఎస్. మూర్తి సీఈఓ అయ్యారు. ఇక దివాలా స్మృతి కింద వచ్చే మధ్యంతర పరిష్కార నిపుణుడి సంగతి పూర్తిగా వేరు. ఆయన అడుగుపెట్టగానే డైరెక్టర్ల అధికారాలు ఆగిపోతాయి. మీరు అడుగుతున్నది ఇవేవీ కాదు, ఒక పని కోసం బయటినుంచి గడువు పెట్టి తెచ్చుకునే మనిషి గురించి.

లిస్టెడ్ కంపెనీలకు ఈ వెసులుబాటు కుదించుకుపోయింది. సీఈఓ, సీఎఫ్ఓ (ఫైనాన్స్ హెడ్) పదవులు ఖాళీ అయితే సాధారణంగా మూడు నెలల్లో భర్తీ చేయాలనీ, కొత్త నియామకానికి వర్తించే నిబంధనలన్నీ పాటించకుండా తాత్కాలిక వ్యక్తిని కూర్చోబెట్టి కాలం గడపకూడదనీ సెబీ 2023లో నిబంధన తెచ్చింది. మీది ప్రైవేట్ లిమిటెడ్ కాబట్టి అది మీకు అంటదు. అయితే వృత్తిసేవ కింద ఫీజు మీద 10 శాతం టీడీఎస్ కోస్తూ, మరోపక్క హాజరు పట్టీలో సంతకం పెట్టించి, సెలవులు మంజూరు చేస్తూ ఉంటే, అది ఉద్యోగమా వృత్తిసేవా అన్న ప్రశ్నను మీరే కొనితెచ్చుకున్నవారవుతారు.

మాంచెస్టర్ వాసి:

ఈ వృత్తి 1970లలో నెదర్లాండ్స్‌లో వేళ్లూనుకుంది. అక్కడ పర్మనెంటు ఉద్యోగిని తీసేయడం కష్టం కావడంతో కంపెనీలు ఈ దారి వెతుక్కున్నాయి. నేను బ్రిటన్‌లో పదకొండేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. అనిశ్చితి పెరిగితే మాకు గిరాకీ పెరుగుతుందన్న మాట సగమే నిజం. 2020 మార్చిలో కంపెనీలు ఖర్చులు బిగించినప్పుడు మొదట ఆగిపోయినవి మా ఒప్పందాలే, నాది వారం నోటీసుతో ముగిసింది. సెప్టెంబరుకల్లా అదే కంపెనీ సరఫరాల గందరగోళం సర్దమని తిరిగి పిలిచింది. దెబ్బ తగిలిన క్షణంలో ఎవరూ పిలవరు, దెబ్బ ఎంత లోతో తెలిశాక పిలుస్తారు. 2021 ఏప్రిల్ నుంచి ఇక్కడి మధ్యతరహా, పెద్ద ప్రైవేటు సంస్థలు, మాలాంటివారు పన్ను లెక్కలో ఉద్యోగులా కాదా అన్నది తామే తేల్చవలసి రావడంతో, కొన్ని సంస్థలు మమ్మల్ని తీసుకోవడానికే జంకాయి. పై కంపెనీ సెక్రటరీగారి హెచ్చరికను తేలికగా తీసుకోకండి.

విశాఖ హెచ్ఆర్:

మా దగ్గర వచ్చినాయన పని బాగానే చేశారు. వెళ్లిపోయాక ఆయన తయారుచేసిన నగదు అంచనా షీటును మాత్రం ఎవరూ నడపలేకపోయారు. మీ మనిషిని ఒకరిని మొదటి రోజు నుంచే ఆయన పక్కన కూర్చోబెట్టండి.

గోదావరి గట్టు:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఈ జవాబులన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. డ్రమ్ముల సంగతి విని చాలాసేపు మాట్లాడలేదు. పొద్దున్నే నాకు చెప్పకుండా కోల్డ్ స్టోరేజీకి వెళ్లి, 31/40 కౌంటు (పౌనుకు 31 నుంచి 40 రొయ్యలు తూగే సైజు) కార్టన్ల మీద ప్యాకింగ్ తేదీలు రాసుకుని వచ్చారు. తొమ్మిది నెలలకు బదులు ముందు నాలుగు నెలలకు, చెక్కుల మీద నా సంతకం కూడా ఉండాలన్న షరతుతో ఒప్పుకున్నారు. మా జూనియర్ అకౌంటెంటు అమ్మాయిని వచ్చే సీనియర్ పక్కన కూర్చోబెడతాం. ఒక్క సందేహం: ఈ సంగతి బ్యాంకువారికి ముందే చెప్పాలా, చెబితే కంపెనీ కష్టాల్లో ఉందనుకోరా?

పాత ఖాతాలు:

ఆర్డర్లు ఆగిన సంగతి మీ షిప్పింగ్ బిల్లులు చూస్తున్న బ్యాంకువారికి తెలియకుండా ఉంటుందా? ఆయన చేరిన మొదటి వారంలోనే బ్రాంచి మేనేజరు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లండి. మాట్లాడేది మీరై ఉండాలి. మీ నాన్నగారు రాసుకొచ్చిన ఆ తేదీల కాగితం కూడా వెంట తీసుకువెళ్లండి.