జీఆర్‌ఈ వ్యాసం: యంత్రం వేసే మార్కుకు సగం వాటా ఉండాలా?

ఎమ్మెస్ అభ్యర్థి, గుంటూరు
అమెరికాలో ఎమ్మెస్‌లో చేరడానికి వచ్చే నెలలో జీఆర్‌ఈ ప్రవేశ పరీక్ష రాస్తున్నాను. 2023 సెప్టెంబరు నుంచి అందులో వ్యాసం ఒక్కటే, గడువు 30 నిమిషాలు. దాన్ని ఒక మనిషి దిద్దుతారు, ‘ఈ-రేటర్’ అనే కంప్యూటర్ ప్రోగ్రాం కూడా దిద్దుతుంది. రెండు మార్కులూ దగ్గరగా ఉంటే సగటు తీస్తారు. బాగా తేడా వస్తే ఇంకొకరు చదువుతారు, అప్పుడు ఇద్దరు మనుషుల సగటే నిలుస్తుంది. 0 నుంచి 6 వరకు, అర మార్కు చొప్పున. మా శిక్షణ కేంద్రంలో ప్రశ్న ఏదైనా ఒకటే మూస: ఐదు పేరాలు, బరువైన పదాలు, వీలైనంత పొడవు. యంత్రానికి అదే నచ్చుతుందట! నా వాదన అర్థం కాని యంత్రానికి మనిషితో సమానంగా వాటా ఇవ్వడం అన్యాయం అంటాను. మీరేమంటారు?

విశ్రాంత ఆంగ్ల అధ్యాపకురాలు, వరంగల్
మనిషి దిద్దితే న్యాయం జరుగుతుందని నీకు ఎవరు చెప్పారు బాబూ? ఇరవై ఏళ్లకు పైగా మూల్యాంకన శిబిరాల్లో కూర్చున్నాను. పొద్దున మొదటి కట్ట విప్పినప్పుడు ఉన్న ఓపిక సాయంత్రం నాలుగింటికి ఉండదు. చాలా మంచి పేపరు వెనుక వచ్చిన మామూలు పేపరు నష్టపోతుంది. దస్తూరి ముత్యాల్లా ఉంటే చెయ్యి తనంతట తానే ఒక మార్కు ఎక్కువ వేస్తుంది. 1912లో స్టార్చ్, ఇలియట్ అనే అమెరికా పరిశోధకులు ఒకే ఇంగ్లిష్ జవాబు పత్రాన్ని వందమందికి పైగా ఉపాధ్యాయుల చేత దిద్దించారు. ఒకరు 64 వేస్తే, ఇంకొకరు 98 వేశారు. యంత్రానికి అలసట లేదు. ఒకే వ్యాసానికి ఎప్పుడైనా ఒకే మార్కు వేస్తుంది.

సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, డల్లాస్
మేడమ్, దొంగ కాటా కూడా రోజూ ఒకేలా తూస్తుంది. ఎంఐటీలో రచన బోధించిన లెస్ పెరెల్మన్ విద్యార్థులతో కలిసి ‘బేబెల్’ అనే ప్రోగ్రాం తయారుచేశారు. రెండు మూడు పదాలు ఇస్తే చాలు, తలా తోకా లేని వ్యాసం క్షణాల్లో అల్లేస్తుంది. వ్యాకరణం సరిగ్గా ఉంటుంది, పదాలు గంభీరంగా ఉంటాయి, అర్థం మాత్రం ఒక్క వాక్యంలోనూ ఉండదు. అలాంటి వ్యాసాలకు ఈ-రేటర్ మంచి మార్కులు వేసింది. అది చూసేవి వ్యాకరణ దోషాలు, పదాల నిడివి, ఎంత అరుదైన పదాలు వాడారు, పేరాల అమరిక వంటివి. రాసింది నిజమా కాదా అన్నది దాని లెక్కలోకే రాదు.

అధ్యాపకురాలు
నిజమే. కానీ అదే పెరెల్మన్ 2005లో ఎస్‌ఏటీ (అమెరికాలో డిగ్రీ ప్రవేశాలకు రాసే పరీక్ష) వ్యాసాల గురించి ఏం చెప్పారో చూడండి. పొడవైన వ్యాసాలకే ఎక్కువ మార్కులు పడుతున్నాయని చూపించారు. చారిత్రక విషయాలు తప్పు రాసినా మార్కు తగ్గలేదు. వాటిని దిద్దింది యంత్రం కాదు, ఇద్దరు మనుషులు, ఒక్కో వ్యాసాన్ని రెండు మూడు నిమిషాల్లో! 2016లో పరీక్ష నిర్వాహకులు అవగాహనకు, విశ్లేషణకు, రచనకు విడివిడిగా మార్కులు పెట్టి సరిదిద్దాలని చూశారు. 2021లో ఆ వ్యాసాన్నే దాదాపుగా ఎత్తేశారు. హడావిడిగా చదివే మనిషి కూడా పొడవునే కొలుస్తాడు. మనుషులు వేసిన మార్కులను చూసే కదా యంత్రం దిద్దడం నేర్చుకున్నది.

ఇంజనీరు
నా భయం సరిగ్గా అక్కడే. మనిషి తొందరలో పొడవు చూసి 4 వేశాడు. యంత్రం పొడవు లెక్కపెట్టి 4 వేసింది. తేడా లేదు కాబట్టి వ్యాసం ఇంకొకరి దగ్గరకు వెళ్లదు. అంటే దాన్ని ఎవరూ చదవలేదు, అయినా ఇద్దరు సాక్షులు ఒకే మాట చెప్పినట్టు నమోదైపోయింది. యంత్రాన్ని కాపలాకు ఉంచమనండి. మనిషి మార్కుకూ దాని మార్కుకూ పొంతన లేకపోతే మళ్లీ చదివించాలి. సగటులో మాత్రం దానికి చోటు ఉండకూడదు.

అధ్యాపకురాలు
కాపలా అయితే నాకూ సమ్మతమే. అయితే చదివే మనిషికి తగినంత సమయం ఇవ్వాలి. లేకపోతే యంత్రాన్ని తీసేసినా ఒరిగేది ఏమీ లేదు.

అభ్యర్థి
మరి నేను మూసలో రాయాలా, నా సొంతంగా రాయాలా?

అధ్యాపకురాలు
సొంతంగానే రాయి. ఒక కారణం తీసుకొని, దానికి ఒక ఉదాహరణను చివరిదాకా విప్పి చెబితే నిడివి దానంతట అదే వస్తుంది. ఈ రాత్రి గడియారం పెట్టుకొని ఒకటి రాసి ఇక్కడ పెట్టు. నేనూ ఇంజనీరు గారూ ఒకరి మార్కు ఒకరం చూడకుండా వేసి, రేపు నీకు విడివిడిగా పంపుతాం.