మా అత్తయ్య చేపల పులుసు వీడియోకి క్యాప్షన్లు: వినికిడి లేనివాళ్లు హాయిగా చదివేలా ఎలా పెట్టాలి?

కోవూరు సభ్యురాలు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు పక్కన కోవూరు. మా మేనత్త వంట చేస్తుంటే ఫోన్‌తో తీసి యూట్యూబ్‌లో పెడుతుంటాను. పోయిన వారం కొరమేను పులుసు పెట్టాను. మా వైపు పద్ధతిలో పచ్చి మామిడికాయ ముక్కలు వేసి, మట్టి దాకలో చేసింది. చాలామంది బాగుందన్నారు. ఒకావిడ మాత్రం ఇలా రాశారు: "నాకు వినిపించదు. కింద అక్షరాలు చూసి చేసుకుందామనుకున్నాను, చదవలేకపోయాను. చింతపండు పులుసు ఎప్పుడు పోశారు?"

అది చదివినప్పటి నుంచి మనసు ఊరుకోవడం లేదు. క్యాప్షన్లు ఉన్నాయి కదా అనే ధీమాతో ఉన్నాను. ఎడిటింగ్ యాప్‌లో ఆటోమేటిక్ క్యాప్షన్ నొక్కితే ఎర్ర అక్షరాలతో ఒక్కో పదం గెంతుతూ వస్తుంది, కళగా ఉందని అలాగే వదిలేశాను. ఇప్పుడు సౌండ్ తీసేసి చూస్తే, పక్కనే ఉండి తీసిన నాకే అర్థం కాలేదు. అత్తయ్య "పులుసు తెర్లాల" (మరగాలి) అంటే అక్కడ "పులుసు తేలాలి" అని పడింది. "రవంత ఉప్పెయ్యాల" (కొంచెం ఉప్పు వేయాలి) అన్నది "రావంతా ఉప్పు" అయింది.

వీడియో 11 నిమిషాలు. ల్యాప్‌టాప్ ఉంది, తెలుగు టైపింగ్ వచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఫాంటు, రంగు ఏవి వాడాలి? అత్తయ్య యాసను ఉన్నదున్నట్టు రాయాలా, పుస్తకం భాషలోకి మార్చాలా?

ఒంగోలు సభ్యుడు:

అమ్మా, నేను ఒంగోలులో డీటీపీ (కంప్యూటర్‌లో టైపింగ్, పేజీల అమరిక) పని చేస్తాను. మా అక్కకు పుట్టుకతో వినికిడి లేదు. ఇంట్లో పెళ్లి వీడియోలకు, పిల్లల వీడియోలకు తనకోసం క్యాప్షన్లు పెడుతూ నేర్చుకున్నదే చెబుతున్నాను.

ఆటోమేటిక్‌గా వచ్చినదాన్ని పూర్తిగా పారేయక్కర్లేదు, టైమింగుకు పనికొస్తుంది. కానీ మాటలన్నీ మీరే విని దిద్దుకోవాలి. 10 నిమిషాల వీడియోకి నాకు రెండు గంటల పైనే పడుతుంది. ఒక సాయంత్రం దానికే కేటాయించండి.

క్యాప్షన్లు రెండు రకాలుగా పెట్టొచ్చు. బొమ్మలోనే అతికించేవి ఒక రకం, వేరే ఫైలుగా ఇచ్చేవి ఇంకో రకం. యూట్యూబ్‌కి వేరే ఫైలే మేలు. చూసేవాళ్లు సీసీ బటన్ నొక్కి తెచ్చుకుంటారు, అక్షరం సైజు, రంగు, వెనక పట్టీ తమ కంటికి తగ్గట్టు మార్చుకుంటారు. చూపు మందగించిన పెద్దవాళ్లకు ఇది పెద్ద సాయం. వాట్సాప్‌లో పంపే వీడియోకి మాత్రం ఆ ఫైలు వెంట రాదు కాబట్టి బొమ్మలో అతికించక తప్పదు.

ఆ ఫైలు రకాన్ని ఎస్‌ఆర్‌టి (.srt) అంటారు. నోట్‌ప్యాడ్‌లోనే రాయొచ్చు. ఇలా ఉంటుంది:

41
00:05:12,000 --> 00:05:15,500
చింతపండు పులుసు పోసి
మామిడికాయ ముక్కలు వేయాలి.

42
00:05:16,000 --> 00:05:19,000
మూత పెట్టి
సన్న సెగ మీద ఉంచాలి.

పైన వరుస సంఖ్య, దాని కింద మొదలయ్యే సమయం, ముగిసే సమయం, ఆ కింద మాటలు. ఒక్కో దానికీ మధ్య ఒక ఖాళీ వరుస. సెకన్ల తర్వాత కామా పెట్టాలి, చుక్క కాదు. సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకోండి. అక్కడ ఆన్సీ అని ఉండిపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది. ఇంకో మాట: మా డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లలో కొట్టే అలవాటు ఉంది. అది యూనికోడ్ (ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు. అలా కొట్టినది క్యాప్షన్‌లో పెడితే పిచ్చి గీతలు వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చి తీరాలి.

ఫైలు తయారయ్యాక యూట్యూబ్ స్టూడియోలో సబ్‌టైటిల్స్ దగ్గరికి వెళ్లి, వీడియో ఎంచుకుని, భాష తెలుగు పెట్టి, టైమింగుతో ఉన్న ఫైలు అని చెప్పి అప్‌లోడ్ చేయడమే.

ఇక అసలు సంగతి, వరుస ఎక్కడ విరవాలి అన్నది. మన భాషలో క్రియ చివర వస్తుంది. "మామిడికాయ ముక్కలు" అని ఒక క్యాప్షన్ ఆగిపోయి "వేయాలి" అన్నది తర్వాతి దాంట్లో పడితే, చదివేవాళ్లకు ఆ ముక్కలు వేయాలో తీయాలో తెలియదు. రెండోది వచ్చేసరికి మొదటిది పోయి ఉంటుంది. యాప్ ఎలా విరుస్తుందో చూడండి:

చింతపండు పులుసు పోసి మామిడికాయ
ముక్కలు వేసి మూత పెట్టి సన్న

సన్న అంటే ఏమిటి? సెగా, బియ్యమా? పైన 41, 42 నంబర్లతో పోల్చి చూడండి. విశేషణాన్నీ నామవాచకాన్నీ విడదీయొద్దు, పేరునూ దాని విభక్తినీ విడదీయొద్దు, క్రియను ఒంటరిగా వదలొద్దు. ఒక్కసారికి రెండు వరుసలే.

వరుస పొడవుకు ఇంగ్లిష్ వాళ్లు 42 క్యారెక్టర్లని లెక్క చెబుతారు. మనకది కుదరదు. "స్త్రీ" మనకు ఒక అక్షరం, కంప్యూటర్‌కు ఆరు క్యారెక్టర్లు. అందుకే నేను నోటితో పలికి లెక్కపెడతాను, వరుసకు 18 అక్షరాలు దాటనివ్వను. ఎంత చిన్న మాటైనా ఒక సెకనన్నా నిలవాలి. ఒకే క్యాప్షన్ ఏడు సెకన్లు దాటి ఉంటే దాన్ని రెండు చేయండి.

బొమ్మలో అతికించే వెర్షన్‌కి ఫాంటు అడిగారు. మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ తీసుకోండి, రెండూ ఉచితమే. రామభద్ర లాంటి లావు ఫాంట్లు టైటిల్‌కి అందం. క్యాప్షన్‌కి పెడితే అక్షరాల కడుపులు పూడిపోయి "ప" ఏదో "ఫ" ఏదో దూరం నుంచి తేడా తెలియదు. వరుసల మధ్య ఎడం ఇంగ్లిష్ కన్నా ఎక్కువ కావాలి. పై వరుసలో "ముక్కలు" అనే మాటలో క కింద ఉన్న వత్తు, కింది వరుసలో గుడి మీదికి దిగితే రెండూ కలిసి ఒక మరకలా కనిపిస్తాయి. చాలా యాప్‌లు ఆ ఎడం తక్కువగా పెట్టి ఇస్తాయి. లైన్ స్పేసింగ్ పెంచుకోండి.

రంగు విషయంలో ఎరుపు వదిలేయండి. ఎర్రటి పులుసు మీద ఎర్రటి అక్షరం ఎలా కనిపిస్తుంది? ఉత్త తెలుపు పెడితే అన్నం మీద, ఆవిరి మీద కరిగిపోతుంది. నల్లటి పట్టీ మీద తెల్లటి అక్షరం పెడితే పులుసైనా అన్నమైనా ఒకటే. వెబ్ కోసం ఉన్న అంతర్జాతీయ ప్రమాణాల్లో అక్షరానికీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలంటారు. నలుపు మీద తెలుపుకి అది 21:1, అంతకు మించినది లేదు.

ఆ గెంతే పదాలు మాత్రం వెంటనే తీసేయండి. మా అక్క వాటిని చూసి కళ్లు మూసుకుంటుంది.

సింగరాయకొండ సభ్యురాలు:

నాకు వినిపించదు. చిన్నప్పుడు జ్వరం వచ్చి పోయింది. ఒంగోలు అన్న చెప్పింది నిజం. ఒక్కో పదం వస్తుంటే కన్ను దాని వెంటే పరిగెత్తాలి, వంట చూడటానికి తీరిక ఉండదు. రెండు వరుసలు నిలబడి ఉంటే ఒకసారి చదివేసి, తర్వాత చేతులు చూస్తాను.

నేను కొంతవరకు పెదవులు చూసి కూడా అర్థం చేసుకుంటాను. క్యాప్షన్ మొహం మీద పడితే అది పోతుంది. షార్ట్స్‌లో మరీ అడుగున పెట్టకండి, అక్కడ వీడియో పేరు వచ్చి కప్పేస్తుంది. కుడి పక్కన లైక్ బటన్లు ఉంటాయి. కాస్త పైకి జరపండి.

చప్పుళ్లు రాయండి. కానీ ఎప్పుడూ [సంగీతం] అని రాసి ఊరుకుంటారు, నాకు దానితో పని లేదు. ఆవాలు చిటపటమన్నాక కరివేపాకు వేయమంటారు. చిటపట నాకెలా తెలుస్తుంది? [ఆవాలు చిటపటలాడుతున్నాయి] అని రాస్తే, నా బాణలిలో ఆవాలు ఎగరడం చూసి వేసుకుంటాను. కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో రాయండి. వెనక లారీ వెళ్లింది, కుక్క అరిచింది అని అవసరం లేదు.

ఇంకొకటి. వీడియోలో ఇద్దరూ నవ్వుకుంటారు, కింద ఏమీ రాయరు. వంటకు సంబంధం లేదని వదిలేస్తారు. మా ఇంట్లోనూ అంతే, అందరూ నవ్వాక "ఏమన్నారు?" అని అడిగితే "ఏం లేదులే" అంటారు. మీ వీడియోలో అలా చేయకండి. అత్తయ్య జోక్ వేస్తే జోక్ కూడా రాయండి.

కావలి సభ్యుడు:

నేను ప్రత్యేక అవసరాల పిల్లలకు పాఠాలు చెబుతాను. యాస గురించి నా మాట కొంచెం వేరు. వినికిడి లేని పిల్లల్లో చాలామందికి సైగల భాషే మొదటి భాష. తెలుగు బడిలో అక్షరాల ద్వారా నేర్చుకున్నది. "తెర్లాల" అన్న మాట వాళ్ల పాఠ్యపుస్తకంలో ఎక్కడా కనిపించదు, చెవిన పడే అవకాశమూ లేదు. కాబట్టి "మరగాలి" అని రాయడమే న్యాయం. చిన్న వాక్యాలు, తెలిసిన మాటలు వాడండి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ కూడా టీవీ లాంటి మాధ్యమాల్లో క్యాప్షన్లు, సైగల భాష అనువాదం, చూపు లేనివారికి దృశ్య వర్ణన అందేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలని చెబుతుంది. కోవూరు చెల్లెమ్మ చేస్తున్నది దయతో చేసే పని అని ఎవరూ అనుకోకూడదు, అది వాళ్ల హక్కు.

సింగరాయకొండ సభ్యురాలు:

సార్, మీరన్నది పిల్లలకు నిజమే. కానీ మా అత్తగారిది నెల్లూరు. పెళ్లయి పన్నెండేళ్లయినా ఆవిడ మాట ఎలా ఉంటుందో నేను వినలేదు. అందరూ ఆవిడ మాట తియ్యగా ఉంటుందంటారు. "తెర్లాల", "రవంత" అని అక్షరాల్లోనైనా చూస్తే నాకు సంతోషం. మార్చేస్తే ఒంగోలు వంటావిడ, నెల్లూరు వంటావిడ, హైదరాబాద్ వంటావిడ నాకు ఒకేలా మాట్లాడతారు.

ఒంగోలు సభ్యుడు:

చెల్లెమ్మ మాటతో నేనూ ఏకీభవిస్తున్నాను. సార్ చెప్పిన ఇబ్బందికి ఒక దారి ఉంది. ఆ మాట మొదటిసారి వచ్చినప్పుడు పక్కనే బ్రాకెట్లో అర్థం ఇవ్వండి, తర్వాత ఉత్త మాట రాయండి:

పులుసు తెర్లాల (మరగాలి).

అలాంటి మాటలు 11 నిమిషాల్లో ఓ పది ఉంటాయేమో, అంతకన్నా ఉండవు. "అంటే", "అదేందంటే", "ఆ... ఆ..." లాంటి ఊతపదాలు తీసేయొచ్చు, చదవడానికి టైమ్ మిగులుతుంది. మాట మాత్రం ఆవిడదే ఉండాలి.

కావలి సభ్యుడు:

ఇది బాగుంది. పిల్లలకు ఒక కొత్త మాట కూడా వస్తుంది. ఒప్పుకుంటున్నాను.

కోవూరు సభ్యురాలు:

అన్నా, అక్కా, సార్, అందరికీ దండాలు. నిన్నా ఇవాళా కూర్చుని పూర్తి చేశాను, మొత్తం 126 క్యాప్షన్లు వచ్చాయి. నాలుగున్నర గంటలు పట్టింది. అత్తయ్యను పక్కన కూర్చోబెట్టుకున్నాను, వినిపించని చోట ఆమెనే అడిగాను. పాత వీడియోలో ఎర్ర అక్షరాలు అతికి ఉన్నాయి కాబట్టి అవి లేకుండా మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసి కొత్తగా పెట్టి, దానికి ఫైలు జత చేశాను. ఒక చోటు చూపిస్తాను:

[నూనెలో ఆవాలు చిటపట]

చప్పుడు తగ్గినాక
ఉల్లిపాయలు ఎయ్యాల.

మా ఆయనకి ఈ పులుసు
రేపటికైతేనే ఇష్టం.

[ఇద్దరూ నవ్వారు]

ఈ రోజు తింటే నాకు
మిగలదని ఆయన భయం!

చివరి మాట ముందు వదిలేద్దామనుకున్నాను. సింగరాయకొండ అక్క చెప్పింది గుర్తొచ్చి రాశాను. అక్కా, వీలైతే మొత్తం చూసి ఎక్కడ ఆగిపోయారో చెప్పండి.

సింగరాయకొండ సభ్యురాలు:

చూశాను. మీ మామయ్య భయం చదివి నవ్వాను. మొత్తం అర్థమైంది. రెండు చోట్ల ఆగాను. 4:20 దగ్గర అత్తయ్య ఉప్పు గురించి చెబుతుంటే క్యాప్షన్ ఆలస్యంగా వచ్చింది, అప్పటికి దాక మీద మూత పెట్టేశారు. 3:05 దగ్గర "చింతపండు ఇంత చాలు" అని ఉంది. ఆవిడ చెయ్యి కెమెరాకు అడ్డం తిరిగి ఉంది. ఎంత?

కోవూరు సభ్యురాలు:

అయ్యో, వినేవాళ్లకు కూడా అది తెలియదు అక్కా, ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు. అత్తయ్యను అడిగాను. అర కేజీ చేపకు పెద్ద నిమ్మకాయంత చింతపండు. క్యాప్షన్‌లో "ఇంత (పెద్ద నిమ్మకాయంత) చాలు" అని పెట్టాను. 4:20 దగ్గరిది సెకనున్నర ముందుకు జరిపాను. వీడియోని మళ్లీ ఎక్కించే పని లేకుండా ఫైలు ఒక్కటే మార్చాను, ఇప్పుడు సీసీ నొక్కితే కొత్తది వస్తుంది.