పెరట్లో రైలు నడిపిన యానిమేటర్లు: మీకు తెలిసింది రాయండి

పట్టాలపిచ్చి (హైదరాబాద్):
నేను యానిమేషన్ స్టూడియోలో పనిచేస్తాను. ఇంట్లో నాలుగడుగుల ప్లైవుడ్ మీద హెచ్‌ఓ స్కేల్ (అసలు దానిలో 87వ వంతు సైజు) బొమ్మ రైలు కట్టుకుంటున్నాను. డిస్నీ యానిమేటర్ వార్డ్ కింబాల్ ఇంటి వెనక నిజం రైలే ఉండేదని ఈమధ్యే చదివాను. ఎవరైనా చూశారా?

ఎల్‌ఏ తెలుగు:
ఆయన ఇంజన్లు చూశానండీ. 3 అడుగుల గేజ్ మీద నడిచే అసలు రైలు అది. 1938లో ముందు ఒక పాత రైలు పెట్టె కొన్నారు. తర్వాత నెవాడాలో పనిచేసిన 1881 నాటి బాల్డ్‌విన్ కంపెనీ ఆవిరి ఇంజన్ తెచ్చి, బాగుచేసి, ఎమ్మా నెవాడా అని పేరు పెట్టి, శాన్ గాబ్రియెల్‌లో తన పెరట్లోనే నడిపారు. గ్రిజ్లీ ఫ్లాట్స్ రైల్‌రోడ్ అంటే అదే. రెండో ఇంజన్ హవాయి చెరకు తోటల్లోంచి వచ్చింది. దానికి కూతురి పేరు పెట్టుకున్నారు, క్లోయీ అని. తర్వాత ఇంజన్లను కాలిఫోర్నియాలోని పెరిస్ అనే ఊళ్లో ఉన్న రైల్వే మ్యూజియానికి ఇచ్చేశారు. ఎమ్మా నెవాడా దగ్గర నేను అరగంట నిలబడిపోయాను. ఆ రంగులు చూస్తే బొమ్మలేసే చెయ్యి అని తెలిసిపోతుంది.

మేరీ_ఇ:
ఇంకో డిస్నీ యానిమేటర్ ఆలీ జాన్‌స్టన్‌ని మరవొద్దు. ముందు ఇంటి దగ్గర 1:12 స్కేల్ రైలు, ఆ తర్వాత 1901 నాటి పోర్టర్ కంపెనీ అసలు ఇంజన్. భార్య పేరుమీద దాన్ని మేరీ ఇ అన్నారు. చివరికి అమ్మేశారు. 2002లో పిక్సార్ దర్శకుడు జాన్ లాసెటర్ దాన్ని కొన్నారు. 2005లో డిస్నీలాండ్ పట్టాల మీద 92 ఏళ్ల ఆలీ చేతికే మళ్లీ ఇచ్చి నడిపించారు. ఇది తలుచుకున్నప్పుడల్లా కళ్లు చెమరుస్తాయి.

ఎల్‌ఏ తెలుగు:
వాల్ట్ డిస్నీ కూడా ఈ జట్టే. 1948లో కింబాల్‌తో కలిసి షికాగో రైల్ ప్రదర్శనకు వెళ్లొచ్చి, 1950కల్లా పెరట్లో 1:8 స్కేల్ ఆవిరి రైలు నడిపారు. భార్య పూలమొక్కల కింద 90 అడుగుల సొరంగం తవ్వించారు! 1955లో డిస్నీలాండ్ చుట్టూ రైలు వచ్చింది. ఆయన పెరటి కొట్టం ఇప్పుడు లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్క్‌లో ఉంది.

షెడ్డుపిల్లాడు (కాజీపేట):
మా నాన్న స్టీమ్ షెడ్డులో ఫిట్టర్. చిన్నప్పుడు నేను చూసింది ఒకటి చెప్తాను. ఆవిరి ఇంజన్ కదలిక దాచుకోదు. పిస్టన్ తోస్తే రాడ్ కదులుతుంది, రాడ్ తిప్పితే చక్రం తిరుగుతుంది, అంతా బయటే. అంత బరువు కదలడానికి ముందు ఒక్క క్షణం బిగుసుకుంటుంది. బొమ్మకు బరువు ఎలా తేవాలా అని రోజంతా కాగితం మీద కుస్తీ పట్టేవాళ్లకు అంతకన్నా మంచి గురువు ఎక్కడ దొరుకుతుంది?

పట్టాలపిచ్చి:
అన్నా, ఇది రేపు మా టీమ్‌కి చదివి వినిపిస్తాను. నా సమస్య ఒకటుంది. 18 అంగుళాల రేడియస్ వంపులో పొడుగు పెట్టెలు పట్టాలు తప్పుతున్నాయి.

షెడ్డుపిల్లాడు (కాజీపేట):
22కి పెంచు తమ్ముడూ, నీ ప్లైవుడ్ మీద పడుతుంది. వంపులో అతుకు రాకుండా చూసుకో. అయ్యాక వీడియో పెట్టు.